ఎలుక మీట నొక్కకపోతే అది అలవాటు కానట్టేనా?

గుంటూరు నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది: “నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. మా అబ్బాయి విజయవాడలో గది తీసుకుని ఉంటూ బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాడు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు వాడి బ్యాగులో తళతళలాడే చిన్న కవరు ఒకటి, అందులో ఆకుపచ్చని పొడి కనిపించాయి. కవరు మీద ధూపం కోసమనీ, మనుషుల వాడకానికి కాదనీ ఇంగ్లీషులో ఉంది. గట్టిగా అడిగితే, అది గంజాయి కాదనీ, ల్యాబులో తయారైన మందు కలిపిన ఆకనీ, ఎలుకలకు కూడా అది అలవాటు కాలేదని తాను చదివాననీ, కావాలంటే పరీక్ష చేయించుకోమనీ అన్నాడు. మూత్ర పరీక్ష చేయిస్తే గంజాయి లేదనే వచ్చింది. అయినా రాత్రుళ్లు వాడికి నిద్ర లేదు, చెమటలు పడుతున్నాయి, ఊరికే చిరాకు పడుతున్నాడు. ఒక పదార్థం అలవాటు చేస్తుందో లేదో అసలు ఎలా తేలుస్తారు? వాడు చెప్పింది నిజమేనా? నేనేం చేయాలి?”

అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు మూడు ప్రశ్నలు అడిగారు కానీ, మొదటి ప్రశ్నకు జవాబు సరిగా తెలిస్తే మిగతా రెండూ వాటంతట అవే తేలతాయి. నేను చాలా ఏళ్లు ఔషధశాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి, మీ అబ్బాయి చెప్పిన మాటలు ఏ పాఠం నుంచి వచ్చాయో నాకు తెలుసు. అతను అబద్ధం చెప్పాడని నేను అనను. పాఠంలో సగం చదివి, ఆ సగాన్ని తనకు కావలసిన వైపు తిప్పుకున్నాడు. మీరు రాసిన లక్షణాలు మాత్రం మిగతా సగానికి చెందినవి. అందుకే ఈ సమాధానం కాస్త పొడవైనా, మీరు చదివాక మీ అబ్బాయి చేత కూడా చదివించండి.

ముందు ఆ కవర్లో ఉండగలది ఏమిటో చెప్పాలి. అలాంటి కవర్లలో కనిపించే ఆకు సాధారణంగా ఏ మత్తూ లేని మామూలు ఎండు ఆకు. మత్తంతా దాని మీద చల్లిన రసాయనంలో ఉంటుంది. ఆ రసాయనాల కుటుంబాన్ని సింథటిక్ కన్నబినాయిడ్లు అంటారు. గంజాయిలోని మత్తుకు కారణమైన టీహెచ్‌సీ అనే పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషులం, యెహీల్ గావోని విడదీసి దాని నిర్మాణాన్ని చెప్పారు. అది మెదడులో ఎక్కడ పట్టుకుంటుందో తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1990లో సీబీ1 అనే గ్రాహకం, అంటే కణం మీద ఉండి ఇలాంటి పదార్థాలు తాళంచెవిలా పట్టే తాళం వంటిది, దాని జన్యువును గుర్తించారు. రెండేళ్ల తరువాత, 1992లో, మన మెదడే తయారుచేసుకుని ఆ గ్రాహకానికి అందించే ఒక పదార్థం బయటపడినప్పుడు, దానికి మన ‘ఆనంద’ శబ్దంతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, భయం, నిద్ర వంటి వాటిని సమతూకంలో ఉంచడానికి మెదడు సీబీ1ను వాడుకుంటుంది. ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు రకరకాల తాళంచెవులు కావలసి వచ్చాయి. అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం అలాంటివి కొన్ని వందలు తయారుచేసింది. ఆయన పేరులోని మొదటి అక్షరాలే జేడబ్ల్యూహెచ్-018 వంటి పేర్లలో ఉన్నాయి. అవి పరిశోధనకు పనిముట్లే తప్ప మనిషి పీల్చడానికి చేసినవి కావు. పత్రికల్లో అచ్చయిన ఆ నిర్మాణాలను చూసి ఎవరో వాటిని టోకున తయారుచేయించి ఆకు మీద చల్లి అమ్మారు. 2008 చివర్లో జర్మనీలో, ‘స్పైస్’ పేరుతో అమ్ముతున్న ధూపపు పొడిలో జేడబ్ల్యూహెచ్-018 ఉందని బయటపడింది. ఒకదాన్ని నిషేధిస్తే దాని అణువులో ఒక కొసను మార్చి మరొకటి తెచ్చారు. ఇప్పటికి ఐరోపా మత్తుపదార్థాల పర్యవేక్షణ సంస్థ లెక్కలో ఇలాంటివి 250కి పైగా చేరాయి.

ఇక్కడ ఒక తేడాను మీరు గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ‘ఇది గంజాయి కాదు’ అన్న మాటలోని నిజం ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది. టీహెచ్‌సీ ఆ గ్రాహకాన్ని పట్టుకున్నా దాని తలుపును ఓరగానే తీయగలదు. ఎంత ఎక్కువ తీసుకున్నా అది చేయగలిగిన పనికి ఒక హద్దు ఉంటుంది. దీన్నే పాక్షిక ప్రేరకం అంటాం. జేడబ్ల్యూహెచ్-018, దాని తరువాత వచ్చినవాటిలో చాలా భాగం, ఆ తలుపును బార్లా తీస్తాయి. పట్టు కూడా ఎక్కువే. గ్రాహకాల్లో సగాన్ని ఆక్రమించడానికి ఎంత గాఢత కావాలో కొలిచినప్పుడు, టీహెచ్‌సీకి దాదాపు 40 నానోమోలార్ అవసరమైతే, జేడబ్ల్యూహెచ్-018కి 9 సరిపోయింది; ఈ అంకె ఎంత తగ్గితే పట్టు అంత ఎక్కువని అర్థం. పైగా శరీరం దాన్ని విరగ్గొట్టిన తరువాత మిగిలే ముక్కల్లో కొన్ని కూడా అదే గ్రాహకాన్ని పట్టుకుంటూనే ఉంటాయి. మీరు తేజ కాయనూ బాడిగ కాయనూ రోజూ పక్కపక్కన చూసేవారు. రెండూ మిరపే, రెండూ ఎరుపే, కానీ బాడిగ వేసే కొలతలో తేజ కారం వేస్తే ఆ కూర నోట పెట్టుకోలేమని మీకు వేరే చెప్పక్కర్లేదు. అయితే మిరపలో ఆ తేడా కాయను చూస్తేనే తెలుస్తుంది. ఈ కవర్లో తెలియదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఒక పదార్థాన్ని జనం మత్తు కోసం వాడే అవకాశం ఎంత, వాడినవారు దాన్ని వదలలేని స్థితికి వెళ్లే అవకాశం ఎంత అన్నదాన్ని దుర్వినియోగ సంభావ్యత అంటారు. దాన్ని తేల్చే ఒకే ఒక్క పరీక్ష అంటూ ప్రపంచంలో ఎక్కడా లేదు. అమెరికా చట్టం ఇందుకు ఎనిమిది అంశాలు చూడమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం కూడా రసాయన నిర్మాణం మొదలుకొని ఆస్పత్రుల అనుభవం దాకా అన్నిటినీ ఒకచోట పరిచి చూస్తుంది. కొత్త మందులు తయారుచేసేవారికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ వరుస ఇదే: మొదట పరీక్షనాళికలో గ్రాహకం, తరువాత జంతువు, ఆ తరువాత మనిషి, చివరకు సమాజంలో కనిపించే వాడకం. ఏ మెట్టు దగ్గర దొరికిన జవాబునైనా మిగతా మెట్లతో కలిపి చదవాలి.

జంతువుల మీద చేసే వాటిలో ఈ రసాయనాల విషయంలో ఎక్కువ నమ్మదగిన పరీక్షను కాస్త వివరంగా చెబుతాను. ఒక చిన్న పెట్టెలో రెండు మీటలు ఉంటాయి. ఎలుకకు టీహెచ్‌సీ ఇచ్చిన రోజున ఎడమ మీట నొక్కితేనే మేత గుళిక పడుతుంది. ఏ మందూ లేని ద్రావణం ఇచ్చిన రోజున కుడి మీటకే పడుతుంది. వారాల తరబడి ఇలా సాగాక, ఎలుక తన లోపల కలిగే అనుభూతిని బట్టే ఏ మీట దగ్గరికి వెళ్లాలో నేర్చుకుంటుంది. పైకి చూస్తే చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నోరు లేని జీవిని ‘నీకు లోపల ఎలా ఉంది’ అని అడిగి జవాబు రాబట్టడానికి మనిషి కనిపెట్టిన ఉపాయం ఇది. అప్పుడు దానికి కొత్త రసాయనం ఇచ్చి పెట్టెలో వదులుతారు. మొత్తం నొక్కుళ్లలో 80 శాతమో అంతకు మించో టీహెచ్‌సీ మీట మీదే పడితే, ఈ కొత్త పదార్థం దానికి గంజాయి మత్తులాగే అనిపించిందని లెక్క. జేడబ్ల్యూహెచ్-018 ఈ పరీక్షలో టీహెచ్‌సీకి పూర్తిగా బదులు నిలిచింది, అదీ టీహెచ్‌సీ కంటే తక్కువ మోతాదులో. కోతులలో 2012లో ఇదే పద్ధతిలో చూసినప్పుడు మరో సంగతి బయటపడింది: దాని ప్రభావం టీహెచ్‌సీ ప్రభావం కంటే తక్కువ సేపే నిలిచింది. ఇది ఊరట కలిగించే విషయం కాదు. మత్తు త్వరగా ఎక్కి త్వరగా దిగేకొద్దీ మళ్లీ వెలిగించాలనే కోరిక అంత త్వరగా వస్తుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అన్నది కాస్తా రెండు గంటలకొకసారిగా మారే దారి అదే.

ఇప్పుడు మీ అబ్బాయి చెప్పిన ఎలుకల సంగతి. అతను మాట్లాడుతున్నది మరో పరీక్ష గురించి. అందులో జంతువు మీట నొక్కితే సన్నని గొట్టం ద్వారా మందు నేరుగా దాని రక్తనాళంలోకి వెళుతుంది. కొకైన్‌నో హెరాయిన్‌నో పెడితే ఎలుక పదేపదే నొక్కుతుంది. టీహెచ్‌సీ పెడితే మామూలుగా నొక్కదు. ఇది నిజం, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కానీ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతే, కోట్ల మంది మనుషులు వాడుతున్న గంజాయి కూడా అలవాటు చేయదని ఒప్పుకోవాలి. అది తప్పని మనందరికీ తెలుసు. 2000లో అమెరికాలో స్క్విరల్ కోతులకు చిన్న చిన్న మోతాదుల్లో టీహెచ్‌సీ అందేలా ఏర్పాటు చేసినప్పుడు అవి మీట నొక్కి మరీ తీసుకున్నాయి. అంటే లోపం పదార్థంలో లేదు, మునుపు ఎంచుకున్న మోతాదులోనో జంతువులోనో ఉంది. ఈ పదార్థాలు ఒక ఇరుకైన మోతాదులోనే ఆకర్షిస్తాయి; అంతకు మించితే భయాన్నీ వికారాన్నీ కలిగిస్తాయి. ఎలుక భయపడి వెనక్కి తగ్గితే ‘అలవాటు కాలేదు’ అని కాగితం మీదకు ఎక్కుతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి మీ అబ్బాయి చదవలేదు. జేడబ్ల్యూహెచ్-018తోనే ఇటలీలోని కాలియరీ పరిశోధకులు ఈ ప్రయోగం చేసి 2015లో ప్రచురించారు. ఎలుకలూ చిట్టెలుకలూ రెండూ దాన్ని తమంతట తాము తీసుకున్నాయి; మెదడులో కోరికకు సంబంధించిన భాగంలో డోపమైన్ అనే రసాయనం పెరిగింది కూడా. అందువల్ల ఎలుకలకు ఇది అలవాటు కాలేదన్న మాట టీహెచ్‌సీ గురించి ఒకప్పుడు రాసినదే తప్ప ఈ కవర్లో ఉండగల పదార్థాల గురించి కాదు. ఫార్మసీ విద్యార్థిగా అతను తనను తాను అడగవలసినవి మూడే ప్రశ్నలు: ఏ పదార్థం, ఏ జంతువు, ఎంత మోతాదు? ఈ మూడింటికీ జవాబు లేకుండా ‘ఎలుకలకు అలవాటు కాలేదు’ అనడం, రకం చెప్పకుండా తేమ చూడకుండా ‘క్వింటాలు ఇంత’ అన్నట్టే ఉంటుంది. మీ కొట్టులో అలాంటి బేరం ఎవరూ ఒప్పుకోరు.

శరీరం ఆ మందుకు బానిస అయిందా అన్నది మరో విడి ప్రశ్న. దానికి జంతువుకు కొన్నాళ్లు వరసగా మందు ఇచ్చి, తరువాత సీబీ1 తలుపును ఒక్కసారిగా మూసేసే రిమోనబాంట్ అనే పదార్థం ఇస్తారు. అప్పుడు తల విదిలింపులు, ముంజేతుల వణుకు కనిపిస్తే శరీరం దానికి లొంగిపోయిందని తెలుస్తుంది. ఈ రసాయనాలతో అది కనిపించింది. ప్రసంగవశాత్తూ ఒక మాట: ఆ రిమోనబాంట్‌ను బరువు తగ్గించే మందుగా 2006లో ఐరోపాలో అనుమతించి, వాడినవారిలో తీవ్రమైన దిగులు, ఆత్మహత్య ఆలోచనలు పెరగడంతో 2008లో ఆపేశారు. ఆ గ్రాహకాన్ని బలవంతంగా మూసినా, బలవంతంగా బార్లా తెరిచినా మనసు చెదురుతుందనడానికి అంతకంటే స్పష్టమైన అనుభవం నాకు కనిపించదు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో, మెదడు ఇంకా ఎదుగుతున్నప్పుడు, దానితో ఆడుకోవడం నన్ను నిజంగా కలవరపెడుతుంది.

చివరి మెట్టు మనిషి. అనుమతి కోసం వచ్చే కొత్త మందుకైతే, మత్తు పదార్థాల అనుభవం ఉన్న వాలంటీర్లకు ఒకసారి ఆ మందు, ఒకసారి ఉత్తుత్తి గుళిక, ఒకసారి ఇప్పటికే తెలిసిన మత్తుమందు ఇస్తారు. ఏది ఏదో వారికీ, ఇచ్చేవారికీ తెలియదు. సున్నా నుంచి 100 దాకా ఉన్న ఒక గీత మీద, ఈ క్షణాన అది మీకు ఎంత నచ్చిందో గుర్తు పెట్టమంటారు; 50 అంటే నచ్చడమూ లేదు, నచ్చకపోవడమూ లేదు. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉండే ఆ గీతే మందుల భవిష్యత్తును నిర్ణయించే ముఖ్య ఆధారాల్లో ఒకటి. వీధిలో అమ్మే ఈ రసాయనాల మీద అలాంటి ప్రయోగాలు చాలా అరుదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో జేడబ్ల్యూహెచ్-018ను కొద్దిమంది వాలంటీర్లకు రెండు మూడు మిల్లీగ్రాముల మోతాదులో, వైద్యుల కళ్లెదుట ఇచ్చి చూశారు. తరువాత వచ్చిన ఘాటైన వాటిని అలా ఇవ్వడానికి ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. కాబట్టి ఆ ప్రయోగం ఇప్పుడు జరుగుతున్నది విద్యార్థుల గదుల్లో, వైద్యుడు లేకుండా, కొలత లేకుండా. ఫలితాలు అత్యవసర విభాగాల్లో నమోదవుతున్నాయి. 2016 జులైలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకే రోజు 33 మంది వీధిలో కొయ్యబారిపోయినట్టు పడి ఉన్నారు. వారు తాగిన దానిలో తేలిన ఏఎంబీ-ఫుబినాకా అనే రసాయనం టీహెచ్‌సీ కంటే సుమారు 85 రెట్లు శక్తిమంతమని ఆ ఘటనను పరిశోధించినవారు రాశారు. 2018లో ఇల్లినాయ్ రాష్ట్రంలో అలాంటి పొడిలో ఎలుకల మందుగా వాడే బ్రోడిఫాకూమ్ కలిసి, నూట యాభైమందికి పైగా రక్తస్రావంతో ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు.

అన్ని కృత్రిమ కన్నబినాయిడ్లూ ఒకే గాటన కట్టదగినవి కావన్నది కూడా నేను చెప్పాలి, లేకపోతే మీ అబ్బాయి ఆ పట్టు దొరకబుచ్చుకుంటాడు. కీమోథెరపీ రోగుల వాంతులకు ప్రయోగశాలలో తయారైన డ్రోనబినాల్, నాబిలోన్ అనే రెండు మందులను అమెరికా 1985లోనే అనుమతించింది. అవి గుళికల్లో, తెలిసిన కొలతలో, మెల్లగా రక్తంలోకి చేరేలా, డాక్టరు చీటీ మీద వస్తాయి. అయినా వాటినీ నియంత్రిత జాబితాల్లోనే ఉంచారు. దుర్వినియోగ సంభావ్యతను లెక్కించేటప్పుడు అణువు ఒక్కటే కాదు, అది ఏ దారిన, ఎంత వేగంగా మెదడుకు చేరుతుందన్నది కూడా చూస్తారు. నోటి ద్వారా గంటకు చేరేది, పొగ ద్వారా క్షణాల్లో చేరుతుంది. ‘ల్యాబులో తయారైంది’ అన్న మాట డ్రోనబినాల్‌కు గౌరవం తెస్తుంది; మీకు దొరికిన కవరుకు తేదు.

ఇంకా ఒక చిక్కుంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. పైన చెప్పిన పరీక్షలన్నీ పేరు, శుద్ధత, బరువు తెలిసిన పదార్థం మీద చేసినవి. మీ చేతికి దొరికిన కవర్లో ఏది ఉందో, ఎంత ఉందో అమ్మినవాడికే తెలియదు. ఆకు మీద మందును చల్లి కలపడంలో అది ఒకచోట పలచగా, ఒకచోట గడ్డలుగా పడుతుంది. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పగానే పైన కనిపించిన నిగనిగలాడే కాయను చూసి ఏ వ్యాపారీ ధర చెప్పడు. లోపలికి చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి, తాలు ఎంతుందో, తేమ ఎంతుందో చూశాకే నోరు విప్పుతాడు. ఈ కవర్లో అడుగు గుప్పెడు అంటే మూర్ఛ కావచ్చు. నిన్న అదే కవర్లోంచి తాగితే ఏమీ కాలేదు కదా అని కుర్రాళ్లు అనుకుంటారు. నిన్నటి చిటికెలో మందు లేకపోయి ఉండొచ్చు, ఇవాళ్టి చిటికెలో పది రెట్లు ఉండొచ్చు. వేప్‌లలో పోసే ద్రవంలోనూ ఇవే వస్తున్నాయి. ఇంగ్లండులో బడుల్లో పిల్లల దగ్గర స్వాధీనం చేసుకున్న వేప్‌లను పరీక్షిస్తే దాదాపు ఆరింటిలో ఒకదానిలో ఇలాంటి రసాయనం కనిపించింది. మన దేశంలో 2019 చట్టంతో ఈ-సిగరెట్ల అమ్మకమే నిషిద్ధం కాబట్టి, దొంగచాటుగా వచ్చే ద్రవంలో ఏముందో అడిగే దిక్కు కూడా ఉండదు.

మూత్ర పరీక్ష మీకు ఇచ్చిన ఊరట కూడా నిలబడదు. ఆ కిట్టు వెతికేది టీహెచ్‌సీ విరిగితే వచ్చే ఒక ముక్కను మాత్రమే. ఈ రసాయనాల ఆకారం వేరు కాబట్టి, అవి ఎంత ఉన్నా కిట్టు చూపే ఫలితం మారదు. వీటిని పట్టాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువులను వాటి బరువును బట్టి గుర్తించే పద్ధతి, ఉన్న ప్రయోగశాల కావాలి. అక్కడైనా ఆ కొత్త అణువు వారి దగ్గరున్న నమూనాల జాబితాలో ఉండాలి. ‘కావాలంటే పరీక్ష చేయించుకో’ అన్న ధీమా మీ అబ్బాయికి అమ్మినవాడే నేర్పి ఉంటాడు. పరీక్షలో దొరకకపోవడం ఇలాంటి సరుకుకు అమ్మకపు గుణం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ధూపం అని రాసినంత మాత్రాన అది ధూపం అయిపోదు. జేడబ్ల్యూహెచ్-018, ఏఎం-2201 అనే రెండింటినీ 2015లోనే 1971 నాటి అంతర్జాతీయ మత్తుపదార్థాల ఒప్పందంలోని రెండో జాబితాలో చేర్చారు, ఆ తరువాత మరికొన్ని చేరాయి. ఆ ఒప్పందంలో మన దేశమూ ఉంది. మత్తుమందులను నియంత్రించే 1985 నాటి మన ఎన్‌డీపీఎస్ చట్టంలో మీకు పనికొచ్చే సెక్షన్ 64ఏ. వాడకానికో, స్వల్ప పరిమాణానికో సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు, ప్రభుత్వ ఆస్పత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో తానంతట తానుగా చికిత్స కోరి పూర్తిచేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. పోలీసుల భయంతో పిల్లవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లడం మానుకునే తల్లిదండ్రులను నేను చూశాను. అది తప్పుడు భయం. చికిత్స దారినే చట్టం తెరిచి ఉంచింది.

ఇక మీరు చేయవలసింది. నిద్ర పట్టకపోవడం, చెమటలు, చిరాకు అని మీరు రాసిన మూడూ, మరో కారణం తేలేదాకా, మందు ఆగినప్పటి లక్షణాలుగానే నేను చూస్తాను. పండక్కి ఇంటికొచ్చి మీ కళ్లెదుట ఉన్నందువల్ల తాగడం కుదరక అవి బయటపడి ఉండొచ్చు. గంజాయి మానితే ఇవి ఒకటి రెండు రోజులకు మెల్లగా మొదలవుతాయి. ఈ రసాయనాలను తరచుగా తాగేవారిలో కొన్ని గంటల్లోనే, అంతకంటే తీవ్రంగా, గుండె దడ, వాంతులు, కొందరిలో మూర్ఛలతో సహా వస్తాయి. అందుకని దయచేసి అతన్ని గదిలో పెట్టి తాళం వేసి ‘ఎలా మానడో చూస్తాను’ అనే పని మాత్రం చేయకండి. కొట్టడం, చదువు మాన్పిస్తానని బెదిరించడం, బంధువుల్లో పరువు మాట ఎత్తడం వల్ల అతను రెండో కవరును మరింత జాగ్రత్తగా దాచడం నేర్చుకుంటాడు, అంతే.

‘నువ్వు బానిసవయ్యావా’ అని అడగకండి; దానికి ‘లేదు’ అన్న జవాబే వస్తుంది. దానికి బదులు, పొద్దున లేవగానే ఎంతసేపటికి తాగాలనిపిస్తుంది, మొదట్లో సరిపోయినంత ఇప్పుడూ సరిపోతోందా, మధ్యలో ఎన్ని గంటలు గడిస్తే చెమటలు మొదలవుతాయి, ఇంతకుముందు మానాలని ప్రయత్నించి ఎన్నాళ్లు ఉండగలిగావు అని అడగండి. మీ స్వరంలో కోపం లేకపోతే, ఒక ఫార్మసీ విద్యార్థిగా వీటికి సూటిగానే చెబుతాడని నా నమ్మకం. ఈ నాలుగు జవాబులు ఎలుకల మీద చేసిన ఏ ప్రయోగం కంటే ఎక్కువగా, ఈ పదార్థం ఇతనిని ఎంతగా పట్టుకుందో చెబుతాయి.

తరువాత ఆలస్యం చేయకుండా గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ఓపీకి గానీ, అతను విజయవాడ వెళ్లిపోయి ఉంటే అక్కడి ప్రభుత్వ ఆస్పత్రికి గానీ తీసుకెళ్లండి. వీలైతే మీరూ పక్కన కూర్చోండి, కానీ డాక్టరు బయట ఉండమంటే ఉండండి. తండ్రి ముందు చెప్పలేని కొలతలు అప్పుడు బయటకొస్తాయి. దీనికి విరుగుడు మందు అంటూ ఏదీ లేదు, హెరాయిన్ వంటి వాటికి ఇచ్చే నలాక్సోన్ ఇక్కడ పనిచేయదు. వైద్యులు లక్షణాలను బట్టి నిద్రనూ ఆందోళననూ మూర్ఛలనూ అదుపు చేస్తూ, తరువాత నెలల తరబడి కౌన్సెలింగ్‌తో తోడుంటారు. వెళ్లేలోపు సలహా కావాలంటే మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. ఛాతీ నొప్పి, మూర్ఛ, పిలిచినా పలకకపోవడం, లేనివి కనిపిస్తున్నాయని భయంతో పరుగెత్తడం, చనిపోవాలనిపిస్తోందనడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఓపీ వేళ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఆ కవరును వాసన చూడకండి, పొయ్యిలో వేసి కాల్చకండి. మూసి, పిల్లలకు అందనిచోట పెట్టి, రెండు వైపులా ఫోటో తీసుకుని ఆ ఫోటోను డాక్టరుకు చూపించి, కవరును ఏం చేయాలో ఆయననే అడగండి. ఒక కాగితం మీద అతను వాడుతున్న మిగతా మందులు, సిగరెట్లు, మద్యం, ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే అది, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే అది రాసుకుని వెళ్లండి. అది తాగి ఎన్ని గంటలైంది అన్నది ఆ కాగితంలో మొదటి వరసలో ఉండాలి. ఓపీలో మిమ్మల్ని మొదట అడిగేది అదే.